అందరికీ చెప్పే మేడం గారు

మేడం గారు పోయారన్న సంగతి మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. శుభోదయం గులాబీ పువ్వుకీ, ఎవరి మనవడిదో పుట్టినరోజు కేకుకీ మధ్య ఒక్క లైను. ఆ గ్రూపు నోరు నేను మూయించి చాలా కాలమైంది కాబట్టి, చూసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆవిడ ఉండుంటే దీన్ని సమాచారం ఇచ్చినట్టు ఒప్పుకునేవారు కాదు. "పెట్టారు సరే, ఎవరు చూశారో కనుక్కున్నారా?" అని అడిగేవారు.

మాది డెల్టాలో ఒక మోస్తరు ఊరు. పాలకొల్లుకీ నరసాపురానికీ అందుబాటులో ఉందనుకోండి, పేరెందుకు. అక్కడి సర్కారు ఆసుపత్రి ఆఫీసులో ఆవిడ కొనుగోళ్ల సీటు చూసేవారు. నేను పక్క సీట్లో బిల్లులు చూసేవాణ్ణి. చదివింది ఎమ్మే తెలుగు. బిల్లుల మీద నంబర్లు వెయ్యడానికి అది పెద్దగా అడ్డు రాలేదు.

కొనుగోళ్లంటే దూది, ఫినాయిలు, మంచం దుప్పట్లు, రోగుల భోజనం. రాష్ట్ర ప్రభుత్వ సొమ్ముతో ఏది కొనాలన్నా, ఏ పని కాంట్రాక్టుకి ఇవ్వాలన్నా ముందు టెండరు నోటీసు ఇవ్వాలి. పేపర్లో వెయ్యాలి, ఫలానా ఫలానా ఆఫీసుల బోర్డుల మీద అంటించాలి, జనం చూసి, ఆలోచించుకుని, కవర్లు వేసుకోవడానికి గడువు ఇవ్వాలి. పని ఉందన్న సంగతి అందరికీ ఒకేసారి తెలియాలన్నది ఉద్దేశం. ఉద్దేశాలకేం, మన దగ్గర ఎప్పుడూ బాగానే ఉంటాయి.

ఆవిడ రాకముందు మా ఆఫీసులో దీనికో పద్ధతి ఉండేది. అటెండరు బోర్డు దగ్గరికి వెళ్లి కాగితం అంటించేవాడు. ఇంకొకరు ఫోటో తీసేవారు. ఫోటో చక్కగా వచ్చిందని చూసుకున్నాక ఆ అటెండరే కాగితాన్ని చిరక్కుండా, పసిపిల్లకి స్నానం చేయించినంత జాగ్రత్తగా పీకేసేవాడు. తర్వాత అదే కాగితం బస్టాండు బోర్డుకి, అక్కణ్ణించి మునిసిపాలిటీ బోర్డుకి. ఊళ్లో ఉన్న బోర్డులన్నీ తిరిగి, ఎవరి కంటా పడకుండా సాయంత్రానికి ఇంటికి చేరేది. ఫైల్లో ఫోటోలు మాత్రం పెళ్లి ఆల్బంలా ఉండేవి. ఆ కాగితంలో ఏముందో పాత కాంట్రాక్టర్లకి ఎలాగో తెలిసేది. ఎలాగని మేమెవరమూ అడిగేవాళ్లం కాదు.

మేడం గారు చేరిన కొత్తలో అటెండరు అలవాటు ప్రకారం కాగితం గోరుతో లేపబోతే, ఆవిడ ఆశ్చర్యంగా చూసి, "అదేంటండీ, ఇంకా ఎవరూ చదవలేదు కదా?" అన్నారు. ఆవిడ వెటకారం చేస్తున్నారేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఆవిడకి వెటకారం రాదు.

మనిషి పొట్టి. చేతిలో గొడుగు, భుజానికి సంచి, సంచిలో ఒక స్టీలు డబ్బా. డబ్బాలో ఇంటి దగ్గర ఉడికించుకొచ్చిన మైదా బంక. ఆఫీసు గమ్ముసీసాని ఆవిడ నమ్మేవారు కాదు. అది కాగితాన్ని ఫోటోకి సరిపడా మాత్రమే పట్టుకుంటుందని ఆవిడ అభిప్రాయం. ఒకసారి మా ఫార్మసిస్టు ఆకలి మీద ఆ డబ్బా మూత తీసి, జున్ననుకుని చెంచాడు నోట్లో వేసుకున్నాడు. పరవాలేదు, పంచదార తక్కువైంది అన్నాడు.

నోటీసు తన కళ్ల ఎత్తుకి అంటించేవారు. పొడుగువాళ్లు నడుం వంచి చదువుకోవాలి. మా పెద్ద డాక్టరు గారు ఆరడుగుల మనిషి. ఇదేం ఎత్తండీ అంటే, "పొడుగువాళ్లు వంగగలరండి, పొట్టివాళ్లు పెరగలేరు కదండీ" అన్నారు. అంటించాక రెండడుగులు వెనక్కి వేసి, ఆ ఊరికి కొత్తగా వచ్చిన మనిషిలా మొదటి అక్షరం నుంచి పైకి చదివేవారు. ఎక్కడైనా తనకే అర్థం కాకపోతే కింద చేత్తో రాసేవారు. "ఆహార సరఫరా సేవల నిమిత్తం" అని ఉన్న చోట "అంటే రోగులకి మూడు పూటలా వండి పెట్టే పని" అని. దీనికి పైనుంచి ఒకసారి అక్షింతలు కూడా పడ్డాయి. పైవాళ్లకి అర్థం కావడం ఇష్టం ఉండదని ఆవిడకి తట్టలేదు.

కాంట్రాక్టర్లు స్వీట్లు పట్టుకొచ్చేవారు. ఫలానా నోటీసు ఎప్పుడొస్తుందో ఒక్క రోజు ముందు చెబితే చాలని వాళ్ల కోరిక. ఆవిడ కసురుకునేవారు కాదు. డబ్బా పుచ్చుకుని, వాళ్లు వెళ్లాక, బోర్డు కింద స్టూలు మీద పెట్టి, "దొరికినది. సొంతదారు ఆనవాలు చెప్పి తీసుకెళ్లగలరు" అని కాగితం అంటించేవారు. సొంతదారు ఎప్పుడూ రాలేదు. కాజాల విషయంలో మాత్రం వార్డుబాయిలు చొరవ తీసుకున్నారు.

ఎవరు ఏది అడిగినా ఆవిడ మాట ఒకటే, "బోర్డు మీద ఉందండి." ఎందుకంత పట్టుదల అని నేనోసారి అడిగాను. గొడుగు మడుస్తూ చెప్పారు. "ఒక్కరికి చెబితే అది కబురండి మాస్టారూ. అందరికీ చెబితేనే నోటీసు." నన్ను మాస్టారూ అనేవారు, నా ఎమ్మేకి ఆ ఊళ్లో దక్కిన గౌరవం అదొక్కటే.

ఈ నియమం ఆఫీసు దగ్గర ఆగుంటే బాగుండేది. ఒక కార్తీకమాసంలో ఆవిడ ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. అందరినీ పిలవాలనుకున్నారు. ఒకరిని ముందు పిలిస్తే ఇంకొకరిని వెనక పిలిచినట్టవుతుంది కదా. అందుకని వ్రతం తేదీ, వేళ, ఇంటి గుర్తులు రాసి బోర్డుకి అంటించేశారు. నోటితో ఒక్కరికీ చెప్పలేదు. ఆఫీసులో అందరూ చదివారు, అందరూ నొచ్చుకున్నారు. బోర్డు చూసి భోజనానికి వెళ్లేదేంటి, మనమేమైనా టెండరు వేస్తున్నామా అన్నారు నర్సులు. చివరికి వెళ్లినవాళ్లం నేనూ, వాచ్‌మనూ. ఇద్దరం చెరో రెండు విస్తళ్ల భోజనం చెయ్యాల్సి వచ్చింది. ఆవిడ గుమ్మం వైపు చూస్తూ, "చూసే ఉంటారు కదండీ అందరూ?" అని మళ్లీ మళ్లీ అడిగారు. చూశారండి అన్నాను. అబద్ధం కాదు.

ఆవిడ ఉండేది ఆసుపత్రి రోడ్డులో ఒక ఇంటి మేడ మీద. కింద వాటాలో సత్యవతి గారని ఒకావిడ ఉండేవారు. ఇంటి ముందు రోడ్డు వారగా రేకుల షెడ్డు వేసి మెస్సు నడిపేవారు. రోగుల వెంట వచ్చిన వాళ్లకి ఆ షెడ్డే దిక్కు. ఆపరేషన్ ఏమైందో కనుక్కోకుండా సత్యవతి గారు క్యారేజీ కట్టేవారు కాదు. "కుట్లు పడ్డాయాండి? అయితే గోంగూర ఇవ్వను, బీరకాయ తీసుకెళ్లండి" అనేవారు. డబ్బిచ్చి కొనుక్కునే వాళ్లు కూడా ఆ మాటకి ఎదురు చెప్పేవారు కాదు.

ఆసుపత్రి లోపల, ప్రభుత్వం పెట్టే భోజనం సంగతి వేరు. దాని కాంట్రాక్టు ఏళ్ల తరబడి ఒక్కాయనదే. ఆయన సాంబారులో ఎప్పుడైనా ముక్క కనబడితే ఆ పూట వార్డంతా దాని గురించే చెప్పుకునేవారు.

ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తారని, షెడ్డు తీసెయ్యాలని మునిసిపాలిటీ వాళ్లు గుర్తులు పెట్టి వెళ్లారు. సత్యవతి గారికి ఇంకెక్కడా చోటు లేదు. భోజనం కాంట్రాక్టు వస్తే ఆసుపత్రి ఆవరణలో వంటిల్లు కూడా ఇస్తారు; వస్తే బతుకు నిలబడుతుంది, రాకపోతే పొయ్యి ఆర్పుకోవడమే. ఆ మాట ఆవిడ దాచలేదు. మేడం గారికి కూడా చెప్పారు, ఈసారి ఆ వంట పని పిలిచినప్పుడు మేమూ వేస్తామండి అని. మేడం గారు చాలా సంతోషించి, తప్పకుండా వెయ్యండి, ఎవరైనా వెయ్యొచ్చు అన్నారట. సత్యవతి గారు ఫుడ్ లైసెన్సు తెచ్చుకున్నారు, అనుభవం కాగితం రాయించుకున్నారు, బ్యాంకు వాళ్లతో మాట్లాడుకున్నారు. అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పిలుపు కోసం కూర్చున్నారు.

ఆ కబురు ఊళ్లో పాకగానే పెద్ద డాక్టరు గారికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. కొనుగోళ్ల మేడం ఆ మెస్సులో ఊరికే తింటోందని, ఇక టెండరు ఎవరికి వెళ్తుందో వేరే చెప్పాలా అని దాని సారాంశం. పెద్ద డాక్టరు గారు ఆవిడకి చూపించి, నవ్వి, చెత్తబుట్టలో పడేశారు. ఆవిడ నవ్వలేదు. రోజూ సాయంత్రం కిందనుంచి వచ్చే కూర గిన్నె ఆనాటి నుంచి మూత తియ్యకుండా తిరిగి వెళ్లిపోయేది. సత్యవతి గారు దానికి తన లెక్కలో తాను సర్దుకున్నారు. మేడం గారికి బీపీ వచ్చిందని, ఉప్పు మానేశారని.

అలా వేసవి వచ్చింది, భోజనం నోటీసూ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లో నన్ను జంగారెడ్డిగూడెం వైపు ఒక వైద్య శిబిరం డ్యూటీకి పంపారు. కాబట్టి ఇప్పుడు చెప్పేది తర్వాత వాళ్లిద్దరి దగ్గరా విన్నది.

నోటీసు అంటించే రోజున మేడం గారి ఇంట్లో గ్యాస్ అయిపోయింది. డబ్బా పట్టుకుని కిందకి దిగారు. సత్యవతి గారు ఎసరు గిన్నె పక్కకి దింపి, పొయ్యి ఇచ్చారు. ఇవ్వడమేంటి, మీకు ఉండలు కడుతుందండీ అని గరిటె లాక్కుని ఆ మైదా బంక తానే కలిపారు. కలుపుతూ, ఎండలో తిరిగేది ఎందుకండీ, అటెండర్ని పంపొచ్చు కదా అన్నారు. నోటీసు అంటించాలండి అన్నారు మేడం గారు. ఏం నోటీసు అని సత్యవతి గారు అడగలేదు. ఆఫీసు సంగతులు అడగడం మర్యాద కాదని ఆవిడ, అడక్కుండా చెప్పడం ధర్మం కాదని ఈవిడ. మధ్యలో బంక ఉండల్లేకుండా చక్కగా కుదిరింది.

ఆ నోటీసు ఊళ్లో అన్ని బోర్డుల మీదా ఉంది. ఆసుపత్రి గేటు బోర్డు మీద, మేడం గారి కళ్ల ఎత్తున, చేత్తో రాసిన "వండి పెట్టే పని"తో సహా ఉంది. దాని ముందు నుంచే సత్యవతి గారు క్యారేజీలు పట్టుకుని పూట పూటా వెళ్లేవారు. తల తిప్పి చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, ఆ బోర్డులు అంటించే మనిషే తన నెత్తిన కాపురం ఉంటే?

పేపర్లో కూడా పడింది. మేడం గారి పేపరు చదివాక కిందకి వెళ్లడం వాళ్లిద్దరి మధ్య అలవాటు. ఆ రోజు ఆవిడ పేపరు నోటీసు పైకి వచ్చేలా మడిచారట. మడిచి చూసుకుంటే అది చెప్పినట్టే ఉంది. మళ్లీ విప్పి, మామూలుగా మడిచి పంపించారు. సత్యవతి గారు దాన్ని డాబా మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, గుమ్మడికాయ వడియాలు పెట్టారు. ప్రభుత్వం వారి ప్రకటన వడియాల కింద శుభ్రంగా ఎండింది.

గడువు దగ్గర పడుతున్న కొద్దీ మేడం గారు వాచ్‌మన్ని అడిగేవారట, బోర్డు ఎవరెవరు చదువుతున్నారని. సాయంత్రాలు మెట్లు సగం దిగి, చెప్పుల చప్పుడు కింద వినబడుతుందేమో అని ఆగి, వెనక్కి వెళ్లిపోయేవారట. ఉత్తరం భయమో, తన నియమమో, రెండూ ఏ పాళ్లలో కలిశాయో ఆవిడకే తెలియదనుకుంటాను. కింద సత్యవతి గారు ఆ ప్లాస్టిక్ కవరు బియ్యం డబ్బా మీద పెట్టుకుని ఎదురు చూస్తున్నారు.

గడువు అయిపోయి టెండరు పెట్టె తెరిస్తే రెండు కవర్లు వచ్చాయి. ఒకటి పాత కాంట్రాక్టరుది. రెండోది ఆయన బావమరిదిది. రెండింటి మీదా చేతిరాత ఒక్కటే. ఒకే కవరు వచ్చుంటే మళ్లీ నోటీసు ఇవ్వమని అడగొచ్చు. అయినా మేడం గారు అడిగారు, ఇంకోసారి పిలుద్దామండీ అని. పెద్ద డాక్టరు గారు ఫోటోలు తిప్పి చూసి, నోటీసు ఇంత బాగా ఇచ్చిన ఆసుపత్రి జిల్లాలోనే ఉండదు, ఏమని కారణం రాస్తారు మేడం గారూ అన్నారు. రాయడానికి కారణమేమీ దొరకలేదు.

కాంట్రాక్టు మళ్లీ పాతాయనకే వెళ్లిందని ఊళ్లో పాకిన రోజే నేను శిబిరం నుంచి తిరిగొచ్చి, ఏదో ఫైలు ఇవ్వడానికి సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లాను. మెట్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. మేడం గారు పైమెట్టు మీద, సత్యవతి గారు కింద, చేతిలో చాట. వెనక్కి వెళ్లిపోవాల్సింది, గేటు కిర్రుమనేసరికి అది కూడా కుదరలేదు.

సత్యవతి గారు గొంతు పెంచే మనిషి కాదు. బియ్యంలో మట్టిగడ్డ ఏరుతున్నంత నెమ్మదిగా అడిగారు.

"ఆ రోజు నేను కలిపింది దానికేనాండి?"

"అవునండి."

"మీరు నాతో అననే లేదు."

"బోర్డు మీద ఉందండి. గేటు దగ్గరే. మీరు రోజూ..."

"బోర్డు ఊరికండి."

మేడం గారు రెయిలింగు పట్టుకున్నారు. "మీకు చెబితే మిగతావాళ్లకి అన్యాయం కదండీ. అందరికీ ఎలాగో మీకూ అలాగే. ఊరికి చెప్పాను కదండీ, అందరికీ."

సత్యవతి గారు చాట మెట్టు మీద పెట్టారు. తర్వాత తలెత్తి అన్నారు.

"ఊరికి చెప్పారు, సరేనండి. నేను మీకు ఊరేనాండి?"

సత్యవతి గారు, మాస్టారు గారొచ్చారు, కాఫీ ఏమైనా ఇమ్మంటారా అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. కాఫీ వచ్చింది. ఇద్దరికీ వచ్చింది. మేడం గారు అది చల్లారిపోయే దాకా చేత్తో పట్టుకునే ఉన్నారు.

వానలు పడకముందే షెడ్డు తీసేశారు. సత్యవతి గారు కొన్నాళ్లు ఇంట్లోనే వండి క్యారేజీలు పంపారు గానీ సాగలేదు. వాటా ఖాళీ చేసి నరసాపురంలో అక్కగారింటికి వెళ్లిపోయారు. అక్కడ వీధంతా లేసు అల్లే ఆడవాళ్లే. ఆవిడా వాళ్లతో కూర్చున్నారని విన్నాం. కింద వాటాలోకి కొత్తవాళ్లొచ్చారు. వాళ్లకి మేడం గారు పేపరు పంపలేదు. వార్డులో సాంబారు యథాతథంగా ప్రవహించింది.

ఆ ఏడాదంతా మేడం గారు పెద్దగా మాట్లాడలేదు. నోటీసులు అంటించేవారు, కానీ పైకి చదవడం మానేశారు. మళ్లీ భోజనం కాంట్రాక్టు రోజులు రాగానే పెద్ద డాక్టరు గారి గదిలోకి వెళ్లి, ఈసారి మైకు ఆటో పెట్టిస్తానన్నారు. చీరల సేలుకి, కుళాయి నీళ్లు రావని చెప్పడానికి తిరిగే ఆటో. రూల్లో లేదండీ అన్నారాయన. వద్దని కూడా లేదండీ అన్నారీవిడ. ఖర్చు ఎవరు పెట్టుకుంటారంటే, తానే అన్నారు. ఆయనకి ఇక అభ్యంతరం కనిపించలేదు.

సెల్లుల షాపులో కూర్చుని తన గొంతుతోనే రికార్డు చేయించారు. సన్నటి గొంతు, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా. "రోగులకి మూడు పూటలా వండి పెట్టే పనికి కవర్లు పిలుస్తున్నాం. ఎవరైనా వెయ్యొచ్చు." ఊరంతా తిరిగింది. ముందు ఎలక్షన్లనుకున్నారు. ఒక ముసలాయన ఎవరు పోయారమ్మా అని ఆటో ఆపి మరీ అడిగాడు.

ఊరు పూర్తయ్యాక ఆవిడ డ్రైవరుతో నరసాపురం పోనియ్యమన్నారు. అది మన పరిధి కాదు కదండీ అన్నాను. నేను కూడా ఆ ఆటోలోనే ఉన్నాను. ఆ రోజు సెలవు పెట్టి రమ్మని ఆవిడే అడిగారు, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. "వినేవాళ్లుంటే ఎక్కడైనా పరిధేనండి" అన్నారు. డ్రైవరు ఆయ్ అలాగేనండి అని కాలవ గట్టు రోడ్డెక్కించాడు. దారి పొడుగునా ఆవిడ గొంతు రొయ్యల చెరువులకీ కొబ్బరి చెట్లకీ వండి పెట్టే పని గురించి చెబుతూనే ఉంది.

ఆ వీధిలో అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. ఆటో ఆగింది. మైకు ఇంత దగ్గరగా వాగుతుంటే తలలెత్తారు గానీ సూదులు ఆపలేదు. ఒక గుమ్మంలోంచి సత్యవతి గారు బయటికి వచ్చారు. మనిషి చిక్కారు. ఆటో వైపు చూస్తూ, ప్రకటన మొదటి నుంచి చివరి దాకా నిలబడి విన్నారు. అయ్యాక దగ్గరికొచ్చారు.

"ఎవరి గొంతో ఎరిగున్నట్టుందే అనుకుంటున్నానండి. ఎండన పడి వచ్చారు, దిగండి."

లోపలికెళ్లి మజ్జిగ తెచ్చారు. ముందు డ్రైవరుకి, తర్వాత నాకు, తర్వాత మేడం గారికి. మేడం గారు గ్లాసు అందుకుని, తాగకుండా, డ్రైవరుతో మైకు కట్టెయ్యమన్నారు. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"సత్యవతి గారూ, మీరు వెయ్యండి. ఇంకా గడువుంది. మీరు వెయ్యాలండి."

అంతకాలం పక్క సీట్లో కూర్చున్నాను. ఆవిడ ఒక మనిషికి పేరు పెట్టి ఒక పని చెప్పడం అదే మొదటిసారి విన్నాను.

సత్యవతి గారు తన వేళ్లు చూసుకున్నారు. గరిటె పట్టిన వేళ్లు, లావుగా. లేసు సూదికి ఇంకా లొంగినట్టు లేవు.

"గుండిగలు అమ్మేశానండి" అన్నారు. "మీరు ఇక్కడిదాకా వచ్చారు, చాలండి. మజ్జిగ తాగండి, వెచ్చబడిపోతుంది."

కోపంగా అనుంటే మేడం గారికి కొంత తేలికయ్యేది. ఆవిడ మామూలుగానే అన్నారు. అక్కగారిని పిలిచి, మా పాత ఇంట్లో పైన ఉండేవారు, చాలా మంచావిడ అని పరిచయం కూడా చేశారు. మేం బయల్దేరేటప్పుడు వీధి చివరి దాకా వచ్చారు.

తిరుగుదారిలో మైకు పెట్టలేదు. గట్టు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. ఊరు దగ్గర పడ్డాక మేడం గారు నా వైపు తిరిగారు.

"మాస్టారూ, ఆ వేసవిలో నేను ఆవిడకి ముందే చెప్పానని ఎవరైనా కంప్లయింటు పెట్టుంటే, నన్నేం చేసుండేవారండి?"

ఏదైనా పెద్ద శిక్ష చెబుదామని నిజంగానే ఆలోచించాను. ఎంత వెతికినా రూల్సులో అలాంటిదేమీ తగల్లేదు.

"మెమో ఇచ్చుండేవారండి."

"తర్వాత?"

"మీరు సంజాయిషీ రాసేవారు. పెద్ద డాక్టరు గారు, ఇకమీదట జాగ్రత్తగా ఉండవలెను అని రాసి ఫైలు మూసేసేవారు."

"ఇంక్రిమెంటు?"

"దాని జోలికి వెళ్లరండి."

ఆవిడ తల ఊపారు. కాలవలోకి చూస్తూ కూర్చున్నారు. ఇల్లొచ్చింది. ఆటో దిగి, సంచి భుజాన వేసుకుని, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి ఆటో కమ్మీ పట్టుకున్నారు.

"మెమోనేనాండి?" అన్నారు. "అంతేనా?"

అంతేనండి అన్నాను.